తెరమీది పాఠము - చేతిలోని ప్రయోగము

నల్లమల అడవులకు చేరువలో బల్మూరు అను గ్రామము కలదు. 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగరు జిల్లాలో నుండి, పిమ్మట నూతనముగా ఏర్పడిన నాగర్‌కర్నూలు జిల్లాలో చేరిన మండల కేంద్ర మిది. ఈ ప్రాంతమున వేరుశనగ, ప్రత్తి, మొక్కజొన్న పండించు రైతుల బిడ్డలు డిగ్రీ చదువదలచినచో అచ్చంపేటకో, నాగర్‌కర్నూలుకో, మహబూబ్‌నగరుకో పోవలసియుండును. అట్టి విద్యార్థికి నేడు చేతనున్న ఫోనులోనే ఐ.ఐ.టి. ఆచార్యుల ఉపన్యాసములు లభించుచున్నవి. ఇది సామాన్యమైన మార్పు కాదు. కాని ఉపన్యాసము చేతికి అందుట వేరు, విద్య మనస్సున నాటుకొనుట వేరు. ఈ రెండింటి నడుమ గల దూరమును తెరమీది సాధనములు ఎంతవరకు తగ్గించుచున్నవో విచారించుట అవసరము.

పల్లెకు తెరద్వారా విద్య నందించు ప్రయత్నము నిన్న మొన్నటిది కాదు. 1975 ఆగస్టు 1వ తేదీ నుండి 1976 జులై 31వ తేదీ వరకు అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహము సాయముతో మన దేశమున ఒక గొప్ప ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో కూడ ఆరు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందినవి. కోళ్లదడికి వాడునట్టి ఇనుపజాలితో అల్లిన పది అడుగుల పళ్లెములు ఆకాశమునుండి వచ్చు సంకేతములను పట్టి యిచ్చినవి. ఉదయము బడిపిల్లలకు, సాయంత్రము ఊరివారికి కార్యక్రమములు ప్రసారమయ్యెను. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎడ్యుశాట్ అను ఉపగ్రహమును కేవలము విద్యార్థమే ప్రయోగించిరి. తెలంగాణలో మన టీవీకి వారసురాలుగా 2017లో వచ్చిన టీ-శాట్ 'విద్య', 'నిపుణ' అను రెండు ప్రసార మార్గములను నడుపసాగినది. కోవిడ్ వ్యాధివలన విద్యాలయములు మూతపడినపుడు, 2020 సెప్టెంబరు 1వ తేదీ నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా లక్షలాది పిల్లలకు తెరయే తరగతిగది అయినది.

ఈ చరిత్రలో ఉపకరణములు మారినవి. జాలిపళ్లెము పోయి అరచేతి ఫోను వచ్చినది. ప్రశ్న మాత్రము మారలేదు. తెర యెదుట కూర్చున్న విద్యార్థి చూచుచున్నాడా, ఆలోచించుచున్నాడా?

నిమగ్నత యన నేమి?

విద్యార్థులను పాఠమునందు నిమగ్నులను చేయుటయే ఈ సాధనముల ప్రయోజనమని తరచుగా చెప్పుచుందురు. ఈ మాటను కొంచెము విడదీసి చూడవలెను. తెరవైపు చూచుట యొకటి, పాఠము బాగున్నదని సంతోషించుట యొకటి, నేర్చుకొనుట మరియొకటి. ఈ మూడును ఎల్లపుడు కలిసి నడచునవి కావు.

అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర విద్యార్థులతో జరిపిన పరిశోధన యొకటి 2019లో ప్రకటింపబడినది. కొందరు విద్యార్థులు ఆరితేరిన అధ్యాపకుని ఉపన్యాసమును వినిరి. కొందరు అదే విషయమును చిన్న జట్లుగా కూర్చుండి, లెక్కలు చేయుచు, తప్పులు దిద్దుకొనుచు నేర్చుకొనిరి. తాము ఎక్కువ నేర్చుకొంటిమని అనుకొన్నవారు ఉపన్యాసము విన్నవారు. పరీక్షలో ఎక్కువ నేర్చినట్లు తేలినవారు జట్లుగా శ్రమించినవారు. సాఫీగా సాగిన ఉపన్యాసము అర్థమైనదను భ్రమ కలిగించును. తడబడుచు చేసిన పని ఏమియు రాలేదను దిగులు కలిగించును. కావున విద్యార్థికి నచ్చినదా యని మాత్రమే అడిగి ఒక సాధనమును మెచ్చుకొనుట పొరపాటు. ఈ గీటురాయితోనే నేడు వాడుకలో నున్న సాధనములను పరీక్షింపవలెను.

దృశ్యపాఠములు

వీనిలో మొదటివి దృశ్యపాఠములు. వీని మేలును తక్కువ చేసి చెప్పరాదు. అధ్యాపకుని కొరత యున్న కళాశాలలో ఇవి లేకున్న ఆ పాఠమే లేదు. తరగతిలో ఒకమారు విని తప్పిపోయినదానిని ఇంట పదిమార్లు నిలిపి, వెనుకకు త్రిప్పి వినవచ్చును. సందేహ మడుగుటకు సిగ్గుపడు విద్యార్థికి ఇది గొప్ప ఊరట. 2003లో ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ కలిసి ప్రారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్., 2017లో వచ్చిన స్వయం వంటి ప్రణాళికలు ఈ విధముగా ఎందరికో దారి చూపినవి.

అయితే ఈ పాఠములలో చాలవరకు గంట సేపటి తరగతిని ఉన్నదున్నట్లు చిత్రించి పెట్టినవి. ఎడెక్స్ అను విద్యావేదికలో విద్యార్థులు పాఠములను చూచిన 69 లక్షల సందర్భములను పరిశీలించి 2014లో ప్రకటించిన ఫలితము ఇచట గమనింపదగినది. పాఠము ఎంత దీర్ఘమైనను, విద్యార్థులు దానిపై నిలుచు కాలపు మధ్యమ విలువ 6 నిముషములకు మించలేదు. ఆరు నిముషములకు మించిన పాఠము పనికిరానిదని దీని అర్థము కాదు. ఆరు నిముషముల కొకమారు విద్యార్థిచేత ఏదో ఒక పని చేయింపవలెనని అర్థము. ఒక లెక్క, ఒక పటము, ఒక ఊహ - ఏదైనను చాలును. గంటసేపు ఎడతెగక మాటలాడు పాఠము ఈ నియమమును మరచుచున్నది.

ఇంతకంటె లోతైన లోపము మరొకటి కలదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమున డెరెక్ ముల్లర్ అను పరిశోధకుడు 2008 ప్రాంతమున భౌతికశాస్త్ర దృశ్యపాఠములను పరీక్షించెను. ఒక బంతిని పైకి ఎగురవేసినపుడు, చేయి విడిచిన పిమ్మట దానిపై పనిచేయు బలము ఏది? గాలి నిరోధమును విడిచిపెట్టినచో భూమ్యాకర్షణ యొక్కటే. కాని చాలమంది విద్యార్థులు బంతి పైకి పోవుచున్నంత సేపు దానిలో పైకి నెట్టు బలమేదో మిగిలి యున్నదని నమ్ముదురు. అట్టివారికి ముల్లర్ రెండు విధముల పాఠములు చూపెను. ఒకదానిలో సరియైన విషయమును స్పష్టముగా, చక్కగా వివరించిరి. రెండవదానిలో ముందుగా ఆ తప్పు నమ్మకమునే ఒకరిచేత చెప్పించి, అది ఎందుకు చెల్లదో చర్చించిరి. మొదటి పాఠము చూచినవారు 'స్పష్టముగా ఉన్నది, తేలికగా ఉన్నది' అని మెచ్చుకొనిరి. కాని వారి మార్కులు పెరుగలేదు. రెండవ పాఠము చూచినవారు తికమకగా నున్నదనిరి. వారి మార్కులు పెరిగినవి.

దీనికి కారణము ఊహింపరానిది కాదు. విద్యార్థి ఖాళీకుండ కాడు. తన అనుభవమునుండి పుట్టిన అభిప్రాయములతోనే వచ్చి కూర్చుండును. స్పష్టమైన పాఠము వినునపుడు తనకు తెలిసినదే చెప్పుచున్నారనుకొని, తన తప్పును పాఠములో కలిపివేసికొనును. తరగతిలోని మంచి ఉపాధ్యాయుడు విద్యార్థి ముఖము చూచి, 'ఏదీ, నీవు చెప్పుము' అని ఆ తప్పును వెలికి తీయగలడు. తెర అట్లు చేయలేదు. మన తెలుగు దృశ్యపాఠములలో పరీక్షకు వచ్చు నిర్వచనము, సూత్రము, ఉత్పత్తి అను క్రమమే హెచ్చుగా కానవచ్చుచున్నది. విద్యార్థి ఎచట తప్పిపోవునో ముందుగా ఊహించి, ఆ తప్పుతోనే మొదలుపెట్టు పాఠములు అరుదు. సాంకేతిక సదుపాయములు లోపించినందువలన కలిగిన కొరత కాదిది. పాఠము వ్రాసినవారు తీర్పదగిన కొరత.

ప్రశ్నక్రీడలు

రెండవ తరగతికి చెందినవి ప్రశ్నక్రీడలు. కహూట్ వంటి సాధనములలో ప్రశ్న తెరపై కానవచ్చును. విద్యార్థులు ఫోనులో సమాధానమును నొక్కుదురు. ఎవరు ముందో పట్టిక వెలువడును. తరగతిలో ఉత్సాహము పొంగును.

ప్రశ్నించుటవలన మేలు కలుగునను మాట నిజము. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు చెందిన రోడిగర్, కార్పికీ అనువారు ఒక సులభమైన ప్రయోగము చేసిరి. ఒక వ్యాసభాగమును కొందరిచేత రెండుమార్లు చదివించిరి. మరికొందరిచేత ఒకమారు చదివించి, రెండవమారు పుస్తకము మూసి గుర్తున్నంత వ్రాయించిరి. అయిదు నిముషముల పిమ్మట చూడగా మరల చదివినవారు 81 శాతము, వ్రాసినవారు 75 శాతము చెప్పగలిగిరి. వారము తరువాత లెక్క తారుమారైనది. మరల చదివినవారికి 42 శాతమే గుర్తున్నది. వ్రాసినవారికి 56 శాతము. జ్ఞాపకమునుండి వెలికి తీయుటయే జ్ఞాపకమును గట్టిపరచునని దీని సారాంశము.

అయితే ఆ ప్రయోగములో విద్యార్థి ఖాళీ కాగితముపై వ్రాసెను. నాలుగు రంగులలో ఒకదానిని త్వరగా నొక్కలేదు. వేగమునకు మార్కులు వేయు ఆటలో నిదానముగా ఆలోచించువాడు ఓడును. ఊహించి నొక్కువాడు గెలుచును. విజ్ఞానశాస్త్రమునకు కావలసిన గుణము మొదటివానిది. కావున ఇట్టి సాధనమును వాడు ఉపాధ్యాయుడు కాలపరిమితిని సడలించి, సమాధానము నొక్కిన పిమ్మట ప్రక్కవానితో వాదించి మరల నొక్కుమని చెప్పుట మేలు. ఫోను లేనిచోట చేయెత్తించిన చాలును. పలకపై వ్రాయించిన ఇంకను మేలు.

కృత్రిమ ప్రయోగశాలలు

మూడవ తరగతికి చెందినవి తెరపై నడచు ప్రయోగములు. నోబెల్ బహుమానము పొందిన కార్ల్ వైమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున ప్రారంభించిన ఫెట్ వీనిలో మేలైనది. దీనిలోని కొన్ని ప్రయోగములు తెలుగులోనికి కూడ అనువదింపబడినవి. మన దేశమున ఐ.ఐ.టి.లు మున్నగు సంస్థలు వర్చువల్ ల్యాబ్స్ పేర ఇట్టివానిని నిర్మించినవి.

వీని బలము గొప్పది. కంటికి కానరాని వాయు అణువుల కదలికను ఇవి చూపగలవు. విద్యార్థి ఉష్ణోగ్రతను పెంచి, పీడనము ఏమగునో వెంటనే చూడగలడు. చూచుటకు మాత్రమే గాక మార్చుటకు వీలిచ్చుటచేత ఇవి దృశ్యపాఠములకంటె ఒక మెట్టు పైన నున్నవి.

అయినను రెండు ఆక్షేపణలు కలవు. మొదటిది, బొమ్మను నిజమని భ్రమపడుట. ఫెట్ విద్యుత్ వలయములో ఎలక్ట్రానులు నీలిరంగు గుండ్లవలె తీగవెంట పరుగెత్తుచు కానవచ్చును. నిజమునకు రాగితీగలో సామాన్యమైన విద్యుత్ప్రవాహమున ఎలక్ట్రానుల సగటు జరుగుడు సెకనుకు మిల్లీమీటరులో స్వల్పభాగము మాత్రమే. ఉపాధ్యాయుడు ఈ మాట చెప్పనిచో మీట నొక్కగానే ఎలక్ట్రాను పరుగున దీపమును చేరినదని విద్యార్థి నమ్మును. రెండవది, తెరమీది ప్రయోగము ఎన్నడును విఫలము కాదు. అచట తీగ త్రుప్పు పట్టదు, బ్యాటరీ నీరసించదు, స్క్రూ వదులు కాదు. నిజమైన ప్రయోగశాలలో విద్యార్థి నేర్చుకొను వానిలో సగము ఈ వైఫల్యములనుండి పుట్టునదే. తెరమీది ప్రయోగమును అసలైనదానికి ముందు మెట్టుగా వాడుట వివేకము. దానికి బదులుగా వాడి, రికార్డు పుస్తకము నింపించుట విద్యార్థికి చేసిన అన్యాయము.

ఫోనే కొలసాధనము

ఇక నాలుగవ మార్గ మొకటి కలదు. దీనికి రావలసినంత ప్రచారము రాలేదు. ఫోనులో తెర మాత్రమే గాక శబ్దమును, త్వరణమును, కొన్నింటిలో అయస్కాంత క్షేత్రమును, వాయుపీడనమును పసిగట్టు సూక్ష్మ పరికరములు కలవు. జర్మనీలోని ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయము వారు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అను ఉచితమైన యాప్ ఈ పరికరములను విద్యార్థి వశము చేయుచున్నది. ఒకమారు దించుకొన్న పిమ్మట దీనికి ఇంటర్నెట్టు అక్కరలేదు.

దీని విలువ తెలియుటకు బల్మూరు వంటి ఊరి బడి ఆవరణలో చేయదగిన ప్రయోగమొకటి చాలును. ధ్వనివేగమును కొలుచుట దాని ఉద్దేశము. రెండు ఫోనులను సరిగా 20 మీటర్ల దూరమున నుంచి, రెండింటిలోను ధ్వనికి ప్రారంభమై ధ్వనికి ఆగిపోవు గడియారమును సిద్ధము చేయవలెను. మొదటి ఫోనువద్ద ఒక విద్యార్థి చప్పట్లు కొట్టును. ఆ ఫోను వెంటనే ప్రారంభమగును. రెండవది ధ్వని అచటికి చేరిన పిమ్మట ప్రారంభమగును. కొంత సేపటికి రెండవ ఫోనువద్ద మరియొకరు చప్పట్లు కొట్టుదురు. రెండవది వెంటనే ఆగును. మొదటిది ధ్వని తిరిగి వచ్చిన పిమ్మట ఆగును. రెండు గడియారములు చూపు కాలముల భేదము, ధ్వని పోయి వచ్చుటకు, అనగా 40 మీటర్లు పయనించుటకు పట్టిన కాలము. అది సెకనులో ఇంచుమించు తొమ్మిదవ భాగము.

ఇంతటితో ఆగిన అది పుస్తకములోని సంఖ్యను సరిచూచుట మాత్రమే. ముందుకు సాగినపుడే శాస్త్రము మొదలగును. గాలిలో ధ్వనివేగము 0 డిగ్రీల సెల్సియస్‌వద్ద సెకనుకు సుమారు 331 మీటర్లు. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.6 మీటరు చొప్పున పెరుగును. చలికాలపు వేకువలో 15 డిగ్రీలున్నపుడు అది 340 మీటర్లు. ఏప్రిల్ నెల మధ్యాహ్నమున 40 డిగ్రీలున్నపుడు 355 మీటర్లు. మొదటి సందర్భమున పోయి వచ్చుటకు 0.118 సెకను, రెండవదానిలో 0.113 సెకను పట్టును. భేదము సెకనులో వెయ్యింట అయిదు వంతులు. ఎండ ముదిరిన కొలది ధ్వని వేగముగా పయనించునను విషయమును విద్యార్థి తన బడి ఆవరణలో, తన చప్పట్లతో పట్టుకొనవచ్చును.

ఆ పట్టుకొనుటలోనే చిక్కులన్నియు కలవు. వెదకుచున్న భేదము 4 శాతము మాత్రమే. చప్పట్లు కొట్టువారిద్దరును తమ తమ ఫోనులకు ప్రక్కగా ఒక్కొక్క మీటరు దూరమున నిలిచినచో సుమారు 5 శాతము దోషము వచ్చి, ఆ భేదమును మ్రింగివేయును. కాని అదే మీటరు దూరమున ఫోనునకు సరిగా వెనుక, రెండు ఫోనులను కలుపు గీతమీద నిలిచినచో దోషము కానరాదు. ఏలయన ధ్వని ఆ మీటరును రెండు ఫోనులకును సమానముగా దాటవలసియున్నది. గాలి ఒక దిక్కునుండి వీచినచో ఏమగును? పోవునపుడు తోడ్పడిన గాలి వచ్చునపుడు అడ్డు తగులును గనుక దాని ప్రభావము చాలవరకు కొట్టుకొనిపోవును. ఒకమారు కొలిచిన చాలునా? చాలదు, పదిమార్లు కొలిచి సగటు తీయవలెను. ఈ ప్రశ్నలను ఏ దృశ్యపాఠమును విద్యార్థి మనస్సున పుట్టింపజాలదు. ఫలితము తప్పినపుడు అవి తమంతట తామే పుట్టును. నిమగ్నత యనునది ఇదియే.

ఇంకొక లాభము కూడ కలదు. దృశ్యపాఠమునకు ప్రతి విద్యార్థికి ఒక ఫోను, వందలాది మెగాబైట్ల డేటా కావలెను. 2020లో తెరపాఠములు ప్రారంభమైనపుడు ఇంటికొక్క ఫోనుండి, అది తండ్రివెంట చేనికో పనికో పోయినచోట పిల్లలు పాఠమునకు దూరమైరి. ఉన్న ఫోను అన్నకు దక్కి చెల్లెలికి దక్కని ఇండ్లును కలవు. ఈ ప్రయోగమునకు తరగతి మొత్తమునకు రెండు ఫోనులు చాలును. ఉపాధ్యాయునిది ఒకటి, అధ్యాపక మిత్రునిది ఒకటి అయినను సరిపోవును. సాధనము తక్కువై, పని ఎక్కువైనచోట పేదవిద్యార్థి వెనుకబడడు.

భాష మాట

ఈ సాధనములన్నింటికి ఉమ్మడిగా నున్న లోపము భాష. ఉన్నత పాఠశాలలో 'పౌనఃపున్యము', 'తరంగదైర్ఘ్యము', 'త్వరణము' అని నేర్చిన విద్యార్థి కళాశాలలో అడుగిడగానే తెరమీద ఫ్రీక్వెన్సీ, వేవ్‌లెంగ్త్, ఆక్సిలరేషన్ అని వినును. రెండును ఒకటేయని చెప్పువారు లేక, తెలిసిన విషయమునే కొత్తదనుకొని బెదరును. ఇందుకు ఆంగ్లమును తొలగింపవలసిన పని లేదు. తెలుగును విడువవలసిన పనియు లేదు. పాఠమునకు ముందు పది మాటల పట్టిక నొకదానిని, రెండు భాషల పేర్లను ప్రక్కప్రక్కన చూపుచు ఇచ్చిన చాలవరకు ఈ అడ్డు తొలగును. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు పదవ తరగతిలోనే ఈ అలవాటు చేసినచో విద్యార్థి కళాశాల తెరముందు మూగవాడు కాడు.

సాధనమును ఎన్నుకొను విధము

ఈ విచారమువలన ఉపాధ్యాయులకు ఉపకరించు మూడు ప్రశ్నలు తేలుచున్నవి. కొత్త సాధనము ఏది వచ్చినను దానినిట్లు పరీక్షింపవచ్చును. మొదటిది: ఈ పాఠములో విద్యార్థి తన అభిప్రాయమును ముందుగా బయటపెట్టు అవకాశము ఉన్నదా? రెండవది: పాఠము నడుమ అతడు చేతితోగాని బుద్ధితోగాని చేయవలసిన పని ఏది? మూడవది: అతడు పొరబడినచో ఆ సంగతి అతనికి ఎట్లు తెలియును? ఈ మూడింటికి సమాధానమున్నచో నల్లబల్లయు గొప్ప సాధనమే. లేనిచో ఉపగ్రహమైనను గోడకు తగిలించిన పటము వంటిదే.

విద్యార్థులకు కూడ ఒక మాట చెప్పదగియున్నది. దృశ్యపాఠము చూచునపుడు ఆరు నిముషముల కొకమారు దానిని నిలిపి, తెర మూసి, విన్నదానిని తమ మాటలలో కాగితముపై వ్రాసి చూచుకొనవలెను. వ్రాయలేకపోయినచో అది సిగ్గుపడవలసిన విషయము కాదు. నేర్చుకొనుట అచటనే మొదలగుచున్నది.

1975లో పల్లెలకు వచ్చిన టెలివిజను ఎదుట ఊరు ఊరంతయు కూర్చుండి చూచెను. ఆ తరమువారు చూచుట తప్ప మరేమియు చేయుటకు వీలులేదు. నేటి విద్యార్థి చేతిలోని ఫోను చూపించుటయే గాక కొలువగలదు కూడ. దానిని చూచుటకు మాత్రమే వాడి ఊరకున్నచో యాభై యేండ్ల విజ్ఞానము మన చేతిలో నుండియు మన యుపయోగమునకు రానట్లే. నాగర్‌కర్నూలు జిల్లాలో ఎండ తక్కువ లేదు; బడి ఆవరణలో ఇరువది మీటర్ల స్థలమునకును కొదువ లేదు. ఒక జనవరి వేకువను, ఒక ఏప్రిల్ మధ్యాహ్నమును ఎన్నుకొని రెండు ఫోనులతో నిలుచు ఉపాధ్యాయుడు కావలెను. మిగిలిన పాఠమును ధ్వనియే చెప్పును.